నెలకో ఆకు

పోయిన దసరా సెలవుల్లో, అక్వేరియం పిచ్చి ఉన్నవాళ్ళం అందరం ఉండే ఒక వాట్సాప్ గ్రూపులో ఫోటో పడింది. తెల్లటి ట్రేలో వరసగా పేర్చిన చిన్న చిన్న మొక్కలు, ఒక్కోటి బొటనవేలంత. కింద రాసింది ఏంటంటే: కొత్తగా దొరికిన వెరైటీ, చాలా రేర్, 200 పీసులు మాత్రమే ఉన్నాయి, ముందొచ్చినవాళ్ళకి ముందు. పీసు 1,600 రూపాయలు. పది నిమిషాలు కూడా కాలేదు, 'బుక్డ్', 'బుక్డ్' అని మెసేజ్‌లు మొదలైపోయాయి.

నేను కూడా టైప్ చేశాను. పంపలేదు. అది నా గొప్పతనం ఏమీ కాదు, అకౌంట్లో 340 రూపాయలే ఉన్నాయి. డబ్బుల్లేనివాడికి ఒక సౌకర్యం ఉంటుంది, ఆలోచించుకోడానికి టైం దొరుకుతుంది. ఆ టైంలో ఒక చిన్న ప్రశ్న తట్టింది. ఇది అంత రేర్ అయితే, ఒకే మనిషి దగ్గర ఒకే రోజున 200 ఎలా ఉన్నాయి?

అక్వేరియం లేనివాళ్ళకి ముందు ఈ మొక్క ఏంటో చెప్పాలి. పేరు బ్యూసెఫలాండ్రా. మేం ముద్దుగా బ్యూస్ అంటాం. బోర్నియో దీవిలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా దానంతటది పెరగదు. అడవి లోపలి వాగుల్లో, నీళ్ళు ఉరికే చోట, బండలకి వేళ్ళతో అతుక్కుని బతుకుతుంది. మట్టి అక్కర్లేదు. వానలకి వాగు పొంగితే మునిగి ఉంటుంది, నీళ్ళు తగ్గితే బయట గాలిలో ఉంటుంది. రెండూ తట్టుకుంటుంది కాబట్టే మన గాజు తొట్లో కూడా బతుకుతుంది. ఆకులు చిన్నవి, మందంగా తోలులా ఉంటాయి. కొన్ని ముదురాకుపచ్చ, కొన్ని ఎర్ర గోధుమ రంగు. లైటు ఒక కోణంలో పడితే కొన్ని రకాల ఆకులు నీలంగా, నెమలి మెడలా తళుక్కుమంటాయి. ఆ తళుకు ఒకసారి చూసినవాడు ఇక మామూలు మొక్కల వైపు చూడడు. నేను చూశాను కాబట్టి చెప్తున్నా.

మేం ట్యాంకులవాళ్ళం ఇలా మట్టి లేకుండా రాయికో కర్రకో అతుక్కునేవాటన్నిటినీ కలిపి ఎపిఫైట్లు అనేస్తాం. మన క్లబ్బులో ఒక సీనియర్ అక్క ఇంటర్ తెలుగు మీడియంలో బైపీసీ చదివి ఇటు వచ్చింది. తెలుగులో దాన్ని వృక్షోపజీవి అంటారని ఆమే చెప్పింది. కానీ బ్యూస్ ఉండేది వృక్షం మీద కాదు, బండ మీద. అయినా పదం కోసం గొడవ ఎందుకు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకుంటే చాలు, ఇది మామిడి చెట్టు మీద బదనికలాంటిది కాదు. బదనిక చెట్టు రసం తాగుతుంది. ఇది ఎవరిదీ తాగదు, ఊరికే పట్టుకుని కూర్చుంటుంది. తినేదంతా పారే నీళ్ళలోంచే.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. బ్యూస్‌దీ మన చేమదుంపదీ కందదీ ఒకటే కుటుంబం. మా అమ్మమ్మకి ఈ మాట చెప్తే ఆమె ట్యాంకు దగ్గరికి వచ్చి కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇది కందకి చుట్టమా? మరి దురద పెట్టదా?" అంది. నేను తిని చూడలేదు అమ్మమ్మా అన్నా. "పదహారు వందలు పెట్టి కొంటే దురద నీకే గానీ దానికెందుకుంటుంది" అని వెళ్ళిపోయింది. కందకి లేని దురద కత్తిపీటకి అనే సామెతని ఈ అర్థంలో వాడటం నేను మొదటిసారి విన్నా.

బ్యూస్‌కి పసుపుకొమ్ములాంటి కొమ్ము ఉంటుంది, రాయి మీద అడ్డంగా పాకుతుంది. ఆ కొమ్ము చివరే కొత్త ఆకు వస్తుంది. పేరులో కూడా కొమ్ములే ఉన్నాయి, అది వేరే కథ. గ్రీకులో ఎద్దు తల అనే మాట నుంచి ఈ పేరు పెట్టారు. దీని పువ్వులో మగ భాగాలు ఎద్దు తలలా కనిపిస్తాయట. అలెగ్జాండర్ గుర్రం బ్యూసెఫలస్ పేరుకి కూడా అదే అర్థం. పేరు పెట్టింది వియన్నాలో ఉండే షాట్ అనే వృక్షశాస్త్రవేత్త, 1858లో. మొదటి జాతి పేరు మోట్లియానా. జేమ్స్ మోట్లీ పేరు మీద పెట్టారు. ఆయన మనలాంటివాడే, ఇంజనీరు. బోర్నియోలో బొగ్గు గనుల పని చూసుకుంటూ ఖాళీ టైంలో మొక్కలు, పక్షులు సేకరించేవాడు. 1859లో అక్కడ జరిగిన తిరుగుబాటులో కుటుంబంతో సహా చంపేశారు. అంటే తన పేరు ఒక మొక్కకి పెట్టిన మరుసటి ఏడే పోయాడు. ఆ రోజుల్లో ఉత్తరాలు ఓడల్లో వెళ్ళేవి. ఈ సంగతి ఆయనకి చేరిందో లేదో అని అప్పుడప్పుడు అనుకుంటూ ఉంటా.

తర్వాత 150 ఏళ్ళకి పైగా సైన్సుకి తెలిసిన బ్యూస్ జాతులు మూడే. 2014లో వాంగ్, బాయిస్ అనే ఇద్దరు ఒకే పరిశోధనా వ్యాసంలో లెక్క దాదాపు ముప్పైకి తీసుకెళ్ళారు. ఇక్కడ ఆగి ఒక విషయం చూడండి. మన హాబీలో బ్యూస్ క్రేజు అప్పటికే మొదలైపోయింది. అంటే శాస్త్రవేత్తలు పేరు పెట్టకముందే షాపులవాళ్ళు రేటు పెట్టేశారు. బ్రౌనీ ఘోస్ట్, గాడ్జిల్లా, వేవీ గ్రీన్, ఇలా వందల పేర్లు. కొన్నిటికి సింటాంగ్, సెకదావ్, మెలావి అని ఊళ్ళ పేర్లు, నదుల పేర్లు ఉంటాయి. అవి పశ్చిమ కాలిమంతాన్‌లో, అంటే బోర్నియోలో ఇండోనేషియా వైపు ఉన్న నిజమైన ప్రాంతాలు. ఆ పేర్లు వింటే మొదట్లో నాకు థ్రిల్‌గా ఉండేది. ఇప్పుడు అదే మాట ఇంకోలా వినిపిస్తుంది. ఎక్కణ్ణుంచి పీక్కొచ్చామో లేబుల్ మీద రాసి మరీ అమ్ముతున్నారు.

సరే, 200 లెక్కకి వద్దాం.

బ్యూస్ ఎంత నెమ్మదో చెప్పాలంటే నా గూగుల్ షీట్ చూపించాలి. నా ట్యాంకులో ఆకు వచ్చిన ప్రతిసారీ తేదీ వేసుకుంటాను. నవ్వుకోండి, పర్లేదు. అనూబియాస్ నానా అనే ఆఫ్రికా మొక్క, ఇదీ కంద కుటుంబమే, మూడు నాలుగు వారాలకి ఒక ఆకు ఇస్తుంది. బ్యూస్ అయితే నెలకో ఆకు, అదీ దానికి మూడ్ ఉంటే. ఎనిమిది నెలల్లో ఏడు ఆకులు వేసి మూడు రాల్చింది. నికర లాభం నాలుగు. మా అమ్మ కుండీలో కొత్తిమీర అదే టైంలో ఎన్నిసార్లు చల్లి ఎన్నిసార్లు కోసిందో లెక్కే లేదు.

ఎందుకింత నెమ్మది? బద్ధకం కాదు. నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ కదలడం గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు నెమ్మది. వాగులో నీళ్ళు పరిగెడుతుంటాయి కాబట్టి ఆకు దగ్గరికి కొత్త నీళ్ళు వస్తూనే ఉంటాయి. మన ట్యాంకులో ఫిల్టర్ ఎంత తిప్పినా అంత ఉండదు. పైగా బండ మీద ఎరువు ఏముంటుంది? దొరికే కొంచెంతో ఒక్క ఆకునే గట్టిగా, వరదకి చిరగకుండా కట్టుకుంటుంది. కట్టుకున్నదాన్ని చాలాకాలం వాడుకుంటుంది. హాస్టల్లో నాలుగేళ్ళూ ఒకే జీన్స్‌తో గడిపేవాడి లాజిక్ ఇది.

ఒక మొక్కని రెండు చెయ్యాలంటే కొమ్ముని బ్లేడుతో కోయాలి. కోసిన రెండు ముక్కలకీ కనీసం నాలుగైదు ఆకులుండాలి, లేకపోతే కోలుకోవు. నా ఇంట్లో అయితే ఒకటి రెండు కావడానికి ఏడాది పైనే. సరే, నేను అమెచ్యూర్ని. పెద్ద నర్సరీ, మంచి వెలుతురు, మంచి తేమ, నీళ్ళ బయట పెంచితే ఇంకా వేగం కదా అంటారు. ఒప్పుకుంటాను. ఆరు నెలలకే రెట్టింపు అవుతుందనుకుందాం. ఒక తల్లి మొక్కతో మొదలుపెట్టండి. 2, 4, 8, 16, 32, 64, 128, 256. ఎనిమిది రెట్టింపులు, నాలుగేళ్ళు. మధ్యలో ఒక్కటి కూడా అమ్మకుండా, ఒక్కటి కూడా కుళ్ళకుండా. మరి 'కొత్తగా దొరికింది' అని చెప్పినవి పోయిన నెలలో 200 ఎలా అయ్యాయి?

రెండుని ఎనిమిదిసార్లు గుణించడం సీఎస్ఈవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఈ లెక్క నాకు రెండేళ్ళ ముందే తట్టి ఉండాలి. తట్టలేదు, ఎందుకంటే ఫోటోలో ఆ నీలం తళుకుంది.

ఒక్క తల్లి మొక్కే ఎందుకు, యాభైతో మొదలుపెట్టి ఉండొచ్చుగా అని మా ఫ్రెండ్ అన్నాడు. పెట్టొచ్చు. అప్పుడు ఆ యాభై బండ మీద నుంచి వచ్చాయి. టిష్యూకల్చర్ కావచ్చుగా అన్నాడు. ఇది మంచి ప్రశ్న. ల్యాబులో అయితే నిజంగానే వేగంగా పెంచొచ్చు. మన రైతులు నాటే గ్రాండ్ నైన్ అరటి పిలకలు అలా వచ్చేవే. కానీ టిష్యూకల్చర్ బ్యూస్ ఎలా ఉంటుందో నేను చూశాను. చిన్న ప్లాస్టిక్ కప్పులో, జెల్ మీద, గోరంత మొక్కలు గుత్తిగా, అన్నీ ఒకే సైజులో, మరకా మచ్చా లేకుండా. ఆ ట్రేలో ఉన్నవి అలా లేవు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. కొమ్ములు ముదిరి వేలంత లావున్నాయి. ఆకుల మీద పాత గాట్లు, అంచుల్లో నాచు. ఆ కొమ్ము అంత లావు కావడానికి ఎన్నేళ్ళు పట్టిందో, దాన్ని పీకడానికి ఎన్ని సెకన్లు పట్టిందో.

నేనేదో పత్తిత్తులా మాట్లాడుతున్నా అనుకోకండి. నా దగ్గరున్న బ్యూస్ కూడా అలా వచ్చిందే. ఫస్టియర్లో, ఒక జూనియర్ కాలేజీ పిల్లాడికి సి ప్రోగ్రామింగ్ చెప్పి సంపాదించిన 900 పెట్టి ఒక షాపులో కొన్నా. ఇంటికి తెచ్చి కడుగుతుంటే వేళ్ళ కింద ఇసుకలాంటిది తగిలింది. గోకి చూస్తే చిన్న రాతి పలుకు, వేరు దాన్ని ఇంకా పట్టుకునే ఉంది. మిగతా వేళ్ళన్నీ ఒకే లైనులో తెగి ఉన్నాయి, ఉలితోనో కత్తితోనో గీకినట్టు. అప్పుడు నాకు అర్థం కాలేదు. పైగా ఒరిజినల్ బోర్నియో రాయి అని ఆ పలుకుని పెన్ను డబ్బాలో దాచుకున్నా కూడా.

పది రోజులకి ఆకులు అద్దంలా పల్చబడి, ముట్టుకుంటే ఊడి రావడం మొదలైంది. భయపడి షాపుకి ఫోన్ చేస్తే, "మెల్టింగ్ కామనే తమ్ముడూ, కొమ్ము గట్టిగా ఉందా? ఉంటే కదపకు, మళ్ళీ వస్తది" అన్నాడు. ఆ మాట నిజమే. నీళ్ళ బయట పెరిగిన ఆకు నీళ్ళలో పనికిరాదు, కొత్త నీళ్ళకి తగ్గ ఆకు వేసుకునేదాకా పాతవి కరిగిపోతాయి. రెండు నెలలకి కొత్త ఆకు వచ్చింది. పచ్చగా, చిన్నగా. నీలమూ లేదు, ఎరుపూ లేదు. రంగు చాలావరకు వెలుతురుని బట్టీ, నీళ్ళని బట్టీ, ఎక్కడ పెరిగిందన్నదాన్ని బట్టీ మారుతుంది. అంటే నేను 900 పెట్టి కొన్న వెరైటీ ఒక బండ మీద ఉన్నప్పటి వెరైటీ. నా ట్యాంకులో అది బ్యూస్, అంతే. ఇలాంటి పేర్లు నమ్మి ఒకే మొక్కని మూడు పేర్లతో మూడుసార్లు కొన్నవాళ్ళు నాకు తెలుసు. వేరియబుల్స్ మూడు, అడ్రస్ ఒకటే.

ఇప్పుడు అసలు వాదనలకి వస్తాను, ఎందుకంటే గ్రూపులో ఈ లెక్క పెట్టిన రోజున నన్ను చాలామంది ఉతికారు.

మొదటిది, అందరూ చెప్పేది: బోర్నియో అడవి ఎలాగూ పోతోంది, పామాయిల్ తోటల కోసం నరికేస్తున్నారు, బుల్డోజర్ కింద పడేదాన్ని మనం కాపాడుతున్నాం కదా. ఇందులో సగం నిజం ఉంది. అడవి పోతున్నది నిజం. ప్రపంచంలో పామాయిల్ ఎక్కువ తయారుచేసేది ఇండోనేషియా, ఎక్కువ దిగుమతి చేసుకునేది మన దేశం. మన క్యాంటీన్ బజ్జీల మూకుడుకీ ఆ వాగులకీ సంబంధం ఉంది, కాదనను. కానీ కాపాడటం అంటే ఏంటి? కాపాడినదాన్ని ఎప్పుడైనా తిరిగి పెట్టగలగాలి. బ్యూస్ జాతుల్లో చాలావాటికి ఉనికి చాలా చిన్న చోటే, ఒక కొండ, ఒక వాగు. ఏ మొక్క ఏ వాగుదో రాసి ఉంచితేనే అది కాపాడటం. మన చేతికొచ్చేసరికి దానికి ఉండేది గాడ్జిల్లా అనే పేరొక్కటే. దాన్ని ఎక్కడ పెడతాం? డాంగ్లింగ్ పాయింటర్ అని డేటా స్ట్రక్చర్స్ ల్యాబులో తిట్లు తింటాం చూడండి, అదే ఇది. పేరుంది, అది చూపించే చోటు లేదు. పైగా తోట వెయ్యబోయే చోట మాత్రమే మొక్కలు ఏరుతున్నారని ఎవరు చెప్పారు? వాగు గట్టు బాగున్న చోటే మొక్కలు బాగుంటాయి, ఏరేవాడు వెళ్ళేదీ అక్కడికే.

రెండోది నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది. అక్కడి పల్లెల్లోవాళ్ళకి అది కూలి, నువ్వు ఏసీ ల్యాబులో కూర్చుని వాళ్ళ పొట్ట కొడతావా అని ఒకాయన అడిగాడు. ఆయన పెద్దాయన, నేను వెంటనే జవాబు ఇవ్వలేదు. రెండు రోజులు ఆలోచించా. కూలి దొరకడం తప్పు కాదు. కానీ ఏడాదికో రెట్టింపు అయ్యే మొక్కని బండ మొత్తం గీకి తెస్తే, మళ్ళీ ఆ బండ నిండటానికి ఎన్నేళ్ళు? తునికాకు అయితే ఏటా కోస్తారు, ఏటా చిగురేస్తుంది, అందుకే అది ఏటా కూలి. ఇది ఒక్కసారి కూలి. మన మోజు నెలల లెక్కలో ఉంటుంది, మొక్క ఏళ్ళ లెక్కలో ఉంటుంది. మధ్యలో తేడాని బండ కట్టాలి.

ఇదేమీ మనకి తెలియని కథ కూడా కాదు. కేరళ, కర్ణాటక పడమటి కనుమల వాగుల్లో ఒక చేప ఉంటుంది. వెండి ఒళ్ళు, నల్లటి గీత, దాని మీద ఎర్రటి గీత. మిస్ కేరళ అంటారు. 1865లో ఫ్రాన్సిస్ డే దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. విదేశాల అక్వేరియం మార్కెట్లో దానికి గిరాకీ రాగానే వాగుల్లోంచి వలలతో ఎత్తేశారు. ఈరోజు అది ఐయూసీఎన్ జాబితాలో ప్రమాదంలో ఉన్న జాతి. ఆ సంగతి చదివినప్పుడు విదేశాలవాళ్ళ మీద నాకు కోపం వచ్చింది. ఎక్కడో చలిదేశంలో డ్రాయింగ్ రూములో పెట్టుకోడానికి మన వాగు ఖాళీ చేస్తారా అని. ఆ కోపం చల్లారకముందే నా ట్యాంకు వైపు చూశా.

ఇక కొరియర్ సంగతి. వేరే దేశం నుంచి మన దేశంలోకి మొక్క తేవాలంటే దిగుమతి పర్మిట్ ఉండాలి, ఆ దేశం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు చెప్పేది అదే. తడి టిష్యూ పేపర్లో చుట్టి సూట్‌కేసులో చొక్కాల మధ్య పెట్టుకొచ్చానని గొప్పగా చెప్పుకునేవాళ్ళు ఈ హాబీలో తక్కువేం లేరు. చిన్న మొక్కకి ఇంత రూలా అనిపిస్తుంది. అలా అనిపించినప్పుడు కృష్ణా కాలవల వైపు వెళ్ళి గుర్రపుడెక్కని చూడండి. పూలు అందంగా ఉన్నాయని దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన మొక్కే అది. బ్యూస్ అలా పాకదు లెండి, దానికంత ఓపిక లేదు. కానీ దాని వేళ్ళలో ఏ నత్త గుడ్లు, ఏ పురుగు వస్తాయో చెప్పలేం.

ఇంత చెప్పాక నువ్వు ఈ మొక్కలు పెంచడం మానేశావా అని అడుగుతారు. లేదు. మానెయ్యమని కూడా అనను. నిజం చెప్పాలంటే నెమ్మది మొక్కలు పెంచడం నా వయసువాళ్ళకి వేరే ఏ పనీ నేర్పని ఒక పని నేర్పిస్తుంది: ఏమీ చెయ్యకుండా ఉండటం. ఆకు రావట్లేదని ఎరువు ఎక్కువ వేశా, ఆకుల మీద నల్ల నాచు గడ్డంలా పెరిగింది. లైటు పది గంటలు పెట్టా, ఆకుల మీద ఆకుపచ్చ చుక్కలు పడి వదల్లేదు. నెమ్మదిగా పెరిగే ఆకు కదలదు కదా, నాచుకి అది ప్లాటు కొనుక్కున్నట్టే. లైటు ఆరు గంటలకి తగ్గించి, వారానికోసారి మూడోవంతు నీళ్ళు మార్చి, చేతులు కట్టుకుని కూర్చున్నాక బాగుపడింది. ఏప్రిల్, మే నెలల్లో మా బెజవాడ ఎండకి నీళ్ళు 33 డిగ్రీలకి పోతే, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పి మూడు డిగ్రీలు తగ్గించా. చేసిన ఘనకార్యం అంతే. అందరూ మొదట్లో చేసే తప్పు ఒకటుంది, కొమ్ముని కంకరలో పాతిపెట్టడం. పాతితే కుళ్ళిపోతుంది. రాయికి దారంతో కట్టాలి, లేదా ఒక్క చుక్క ఫెవిక్విక్‌తో అతికించాలి. అదే పట్టుకుంటుంది.

నేను అనేది ఇంతే. మొదలుపెట్టేవాళ్ళు అనూబియాస్‌తో, జావా ఫెర్న్‌తో మొదలుపెట్టండి. అనూబియాస్ ఎన్నో ఏళ్ళుగా నర్సరీల్లో పెరుగుతోంది. జావా ఫెర్న్ అయితే పేరుకే జావా, మన ఈశాన్య రాష్ట్రాల్లోనూ ఉంటుంది. ఆకు చివరే పిల్ల మొక్క పుట్టిస్తుంది, దాన్ని తుంచి ఇంకో రాయికి కడితే చాలు. బ్యూస్ కావాలనుకుంటే కప్పులో వచ్చే టిష్యూకల్చర్ కొనండి. లేదా ఎవరి ట్యాంకులో పెరిగిందో వాళ్ళ దగ్గరే ముక్క అడగండి. షాపులో అయితే ఒక్క ప్రశ్న వెయ్యండి: ఇది మీ తొట్లో ఎన్నాళ్ళ నుంచి ఉందన్నా? నిజంగా పెంచినవాడు ఆ ప్రశ్నకి పొంగిపోయి గంటసేపు చెప్తాడు, పాత ఫోటోలు కూడా తీస్తాడు. పెంచనివాడు రేటు తగ్గిస్తాడు. రెండూ నాకు అనుభవమే.

రేర్ అనే మాట మీద నాకున్న మోజు ఇంకా పూర్తిగా పోలేదు. మొన్న ఇంకో ఫోటో వచ్చింది, ఈసారి ఆకులు దాదాపు నల్లగా ఉన్నాయి. రెండుసార్లు జూమ్ చేసి చూశా. 'మీ తొట్లో ఎన్నాళ్ళ నుంచి ఉంది?' అని అడిగా. నన్ను గ్రూపులోంచి తీసేశారు.

నా అనూబియాస్ ఇప్పుడు పదకొండు ఆకుల మీద ఉంది. పన్నెండోది కొమ్ము చివర సూదిలా చుట్టుకుని కనపడుతోంది, ఈ సెమిస్టర్ పరీక్షలు అయ్యేలోపు విప్పుకుంటుంది. అప్పుడు రెండు ముక్కలు చేస్తా. ఒక ముక్క మా క్లబ్బులో వృక్షోపజీవి అనే మాట చెప్పిన అక్కకి ఇస్తానన్నా, ఆమె ఫైనల్ ఇయర్ కాబట్టి ముందు ఆమెకే. ఆ తర్వాత లిస్టులో ముగ్గురున్నారు. ఇంకెవరికైనా కావాలంటే పేరు ఇవ్వండి, ఊరికే ఇస్తాను. మీ వంతు వచ్చేసరికి మీరు థర్డ్ ఇయర్లో ఉంటారు.